కోసే చెయ్యి, కట్టే చెయ్యి

అంటు పట్టిందో లేదో తెలుసుకోవడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. మొక్కకు అతికించిన మొగ్గ, అదే కన్ను, దాని పక్కన వదిలిన ఆకు తొడిమను వేలితో అలా తాకితే చాలు. పసుపు రంగుకు తిరిగి, తాకీ తాకగానే రాలిందా, కన్ను బతికినట్టు. ఎండి నల్లబడి, గిల్లినా రాకుండా పట్టుకుని ఉందా, చచ్చినట్టు. ఆ ఏడు జూలై చివర్లో ఒక పొద్దున మా అత్తగారు రోబియా అపా నేను కట్టిన సాళ్లలో వంగి తొడిమలు తాకుకుంటూ నడిచారు. ఆవిడ వెనక నేను. ఒకటి రాలలేదు. పక్కదీ రాలలేదు. ఆ తర్వాతదాన్ని ఆవిడ గోటితో గీరి కూడా చూశారు. పక్క సాళ్లలో మాతో పనిచేసే హోసియత్ కట్టినవి మాత్రం పావడా అంచు తగిలినా టపటపా రాలుతున్నాయి.

"పట్టీ మరీ బిగించావేమో," అన్నారు అత్తగారు.

"లేదత్తయ్యా. నిరుడు కట్టినట్టే కట్టాను."

"నిరుడు సంగతి వేరు," అని ఆవిడ చేతులు దులుపుకున్నారు. "నిరుడు నువ్వు వేరు."

ఆ మాట అర్థం కానివాళ్లు అక్కడెవరూ లేరు. మార్చిలో నాకు కడుపు పోయింది.

నమంగాన్ దాటాక కాలువ గట్టున మాది టోకు నర్సరీ. ఒకటీ అరా మొక్క కావాలని వచ్చేవాళ్లకు గేటు దగ్గరే ఇంత టీ పోసి, బజారు దారి చూపించి పంపేస్తాం. మా మొక్కలు లారీలెక్కి సమర్‌కండ్ పోతాయి, సరిహద్దు దాటి షిమ్‌కెంట్ పోతాయి. ఎక్కడికి పోయినా నోర్మత్ ఉస్తా అంటు అనే పేరు మీదే అమ్ముడుపోతాయి. నోర్మత్ ఉస్తా అంటే మా మావగారు; చెయ్యి తిరిగిన పనివాణ్ని మా వైపు ఉస్తా అంటారు. అడవి ఖుబానీ గింజలు వేస్తే మొలిచిన మొక్కలు ఎండలు ముదిరేసరికి పెన్సిలంత లావవుతాయి. వాటికి మంచి రకం కన్ను అతికించాలి. మగవాడు ముందు వంగి నడుస్తూ మొక్క బెరడు మీద గాటు పెట్టి, మంచి రకం పుల్ల మీంచి కన్ను చెక్కి అందులో దూరుస్తాడు. వెనకే ఆడది వంగి, ప్లాస్టిక్ పట్టీతో కట్టుకుంటూ వస్తుంది. అంటు పట్టిందంటే కోసినవాడి హస్తవాసి అంటారు. పట్టలేదంటే కట్టినదాని చెయ్యి బరువంటారు. ఇందులో అన్యాయం ఉందని అప్పటిదాకా నాకూ తోచలేదు.

ఎందుకు తోస్తుంది? నిరుడు కొత్త కోడలిగా వచ్చి మావగారి వెనక కడితే సాళ్లకు సాళ్లు పట్టాయి. కోడలి చెయ్యి తేలికని ఊరంతా చెప్పుకున్నారు. ఎవరింట్లో పెళ్లి జరిగినా రొట్టెల పిండి కలపడానికి నన్నే పిలిచారు. నేను కూడా ఆ మాటకు బాగానే ఉబ్బాను. ఇప్పుడు అదే నోళ్లు ఇంకోలా తిరిగితే వాళ్లని అని ఏం లాభం?

ఆ రోజు పది గంటలకు ఎండ ముదిరి పని ఆపాక మల్బరీ చెట్టు కింద చెక్క మంచం మీద అందరం చేరాం. రెండో జతలో కన్ను కోసే మామూర్ అన్న పుచ్చకాయ కోస్తున్నాడు. అతని వెనక కట్టే హోసియత్ ఎదురింటి మనిషి, నోరు ఊరుకోదు.

"ఏమే ముహయ్యో, వచ్చే నెల మా ఆడపడుచు పెళ్లి. పిండి కలపడానికి నిన్ను పిలుద్దామనుకున్నా. ఇప్పుడు భయమేస్తోందే తల్లీ, రొట్టె పొంగకపోతే పెళ్లికొడుకు పారిపోతాడు!"

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. కోడలన్నాక నవ్వాల్సిన చోట నవ్వాలి కదా. టీ పోస్తున్న చెయ్యి మాత్రం దాచుకోవాలనిపించింది.

"నవ్వింది చాలు," అన్నారు అత్తగారు. మావగారి వైపు తిరిగారు. "ఏమండీ, పోయినవాటికి అవతలి పక్క ఇంకో కన్ను పెట్టాలి కదా. ఆగస్టు దాటితే బెరడు విడవదు. ఈసారి మీ వెనక హోసియత్ కడుతుంది. కోడలు ముందు మట్టి తీసి కాండం తుడుస్తుంది. అంట్ల పని అయ్యాక వాళ్లమ్మ దగ్గరికెళ్లి కొన్నాళ్లుండి వస్తుంది. ఒళ్లు కాస్త తేరుకుంటుంది."

పుచ్చకాయ కోస్తున్న కత్తి ఆగింది. మా వీధి చివరింటి సాబిరా కూడా అలాగే ఒళ్లు తేరుకోవడానికి పుట్టింటికి వెళ్లింది. చలికాలం వచ్చేసరికి ఆమె పెళ్లిపెట్టె, పరుపులు వ్యాన్‌లో ఆమె వెనకే వెళ్లాయి.

మావగారు తలెత్తలేదు. "నా వెనక కోడలే కడుతుంది," అన్నారు.

"మళ్లీ పోతే?"

"పోతే పోతాయి. నా వెనక ఇంకెవరూ వద్దు. కోడలే."

పుట్టింటి సంగతి మీద ఆయన ఏమీ అనలేదు. అయినా ఆ ఒక్క మాటకే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఊరంతా వద్దన్న చేతిని ఆయన కావాలన్నారు. ఆ దయకు ఏమిచ్చి రుణం తీర్చుకుంటానా అనుకున్నాను.

నా మొగుడు ఇస్కందర్ మంచివాడు. నర్సరీ వ్యాన్ తోలుతాడు, మొక్కల బేరం చూసుకుంటాడు, ఇంట్లో గొంతు లేస్తే వ్యాన్ కడగడానికి వెళ్లిపోతాడు. ఆ సాయంత్రం కూడా వ్యాన్ కడుగుతున్నాడు. నేను బకెట్ అందించాను.

"అమ్మ మాటకేం గానీ, ఓ పది రోజులుండి రా," అన్నాడు.

"పది రోజులా, పదేళ్లా?"

"అబ్బా, మొదలెట్టావా. అమ్మకి కోపమేం లేదు. మొక్కలు పోయాయని బెంగ, అంతే."

"నా వల్లే పోయాయని నువ్వూ అనుకుంటున్నావా?"

అతను అద్దం తుడిచాడు. తుడిచిన చోటే ఇంకోసారి తుడిచాడు. "నేనేమీ అనుకోవట్లేదు ముహయ్యో," అన్నాడు.

అతన్ననడం దేనికి, నేనే అనుకుంటున్నాను. మార్చిలో కాలువ నుంచి నీళ్ల బకెట్లు మోసింది నేనే. వద్దని అత్తగారు చెప్పారు కూడా. చిన్న బకెట్లే కదా అనుకున్నాను. బిడ్డను నిలుపుకోలేని ఒంటికి కన్నెలా నిలుస్తుందని ఒకసారి తోచాక, ఆ ఆలోచన వదల్లేదు. వాకిలి ఊడ్చి నీళ్లు చల్లేటప్పుడు అదే, రొట్టె తట్టేటప్పుడు అదే. ఎవరూ చూడకుండా ఇసిరిక్ ఆకు కాల్చి, దిష్టి పొగ రెండు చేతులకూ పట్టించుకున్నాను. సాళ్ల మధ్య నడిచేటప్పుడు మొక్కలకు తగలకుండా చేతులు కట్టుకుని నడిచేదాన్ని. చచ్చిన కళ్లన్నీ నన్నే చూస్తున్నట్టు ఉండేది.

ఆగస్టు మొదట్లో కాలువ నీళ్లు సాళ్లకు వదిలాం. బెరడు మెత్తబడి విడవాలంటే మొక్క బాగా తాగి ఉండాలి. మూడో నాటికి రెండో విడత మొదలైంది. ఈసారి పనిలో ఒక పని ఎక్కువ. పోయిన అంటు మీద పాత పట్టీ విప్పి పారేసి, అవతలి పక్క కొత్త కన్ను పెట్టాలి. మావగారు ముందు వంగి వెళ్తున్నారు. నేను నా కట్లు నేనే విప్పుకుంటూ వెనక వెళ్తున్నాను.

మొదటి కట్టు విప్పాను. లోపల కన్ను నల్లగా ఎండిపోయి ఉంది. దాన్ని చూడలేక పక్కకు గీరేశాను. రెండోది విప్పాను. మూడోది విప్పేసరికి వేళ్లు ఆగిపోయాయి.

నిలువుగా ఒక గాటు, పైన అడ్డంగా ఒక గాటు ఉండాలి. కానీ నిలువుగాటు రెండుసార్లు పడింది, రెండోది వంకరగా. కత్తి బెరడు దాటి కర్రలోకి దిగింది. ఇక కన్ను చెక్కిన ముక్క అంచు ఎలుక కొరికినట్టుంది. అలాంటి ముక్క బెరడు కింద అంటుకుని పడుకోదు. సందులో గాలి దూరి, ఎండకు రెండు రోజుల్లో వరుగైపోతుంది. పట్టీ ఎవరు కట్టినా అంతే, సాక్షాత్తు దేవుడే దిగివచ్చి కట్టినా అంతే.

నాలుగోది విప్పాను. అదీ అంతే. ఇంకోటి విప్పాను. కట్టేటప్పుడు ఇవన్నీ నా కళ్ల ముందు నుంచే వెళ్లాయి. కానీ ఉస్తా పెట్టిన గాటును పరీక్షగా చూడటం మర్యాద కాదు. ఆయన బెరడు మూసి ముందుకు కదలగానే నా చూపు నా పట్టీ మీదే ఉండేది.

తలెత్తి చూశాను. మావగారు ముందు మొక్క దగ్గర వంగి ఉన్నారు. కత్తి పట్టిన కుడిచేతి మణికట్టును ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని ఉన్నారు. అయినా కత్తి మొన ఎండలో తళతళా కదులుతూనే ఉంది.

అప్పుడు నాకు కలిగింది జాలి కాదు. ఉన్న మాట చెప్పాలంటే, పట్టలేనంత సంతోషం కలిగింది. నేను కాదు! నా చెయ్యి కాదు, నా కడుపు కాదు, ఆ బకెట్లు కాదు! అక్కడే ఆ మట్టిలో కూర్చుని నవ్వాలనిపించింది. నా ముందు నలభై ఏళ్ల పేరు ఒకటి మట్టిలో కలిసిపోతోంది, నాకేమో గుండెల మీంచి బండ దించినట్టుంది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాను.

ఆ సంతోషం ఎంతోసేపు లేదు. ఆ వెంటనే, తన వెనక కోడలే కట్టాలన్న మావగారి మాట గుర్తొచ్చింది. హోసియత్‌కు కళ్లెక్కువ, నోరెక్కువ. ఆమె వెనక ఉంటే ఒక్క పూటలో కనిపెట్టేది. నేనైతే తలదించుకుని కడతాను. దయ అనుకుని నేను కన్నీళ్లు పెట్టుకున్నది దీనికా? నన్ను పుట్టింటికి పంపిస్తామంటుంటే ఆయన ఇందుకా తలెత్తనిది? ఒళ్లు మండిపోయింది. ఆయన ముందుకు జరగబోయి మోకాలి మీద కూలబడి, ఎవరైనా చూశారేమోనని మామూర్ అన్న సాళ్ల వైపు చూశారు. ఆ చూపు చూశాక ఏం చెయ్యాలో నాకు తోచలేదు.

చివరికి చేసింది ఏమిటంటే, తలకు కట్టిన రుమాలు మడతలోంచి పళ్లు కోసే కత్తి తీశాను. మా నాన్నకు కొడుకుల్లేరు. ఇంట్లో గులాబీలకు అంట్లు కట్టేటప్పుడు కత్తి నా చేతికే ఇచ్చేవాడు. ఆడపిల్ల కన్ను కొయ్యడమేమిటని అమ్మ గొణిగేది. మావగారు పెట్టిన గాటుకు కాస్త కింద నున్నగా ఇంకో గాటు పెట్టాను. ఆయన తడి గోనెపట్టాలో వదిలిన పుల్ల మీంచి కన్ను చెక్కి దూర్చి, కట్టేశాను. సాలంతా అలాగే చేశాను. ఆయన వెనక్కి తిరగలేదు. కానీ సాలు చివర నీళ్లు తాగుతూ అన్నారు.

"పళ్ల కత్తితో కోస్తే బెరడు నలుగుతుంది, కోడలా."

నేను గబుక్కున కత్తిని రుమాలు మడతలో దాచుకున్నాను.

మర్నాడు తెల్లవారాక గోనెపట్టా విప్పితే పుల్లల మధ్య ఆయన రెండో అంటుకత్తి ఉంది. కొత్తగా నూరి ఉంది. ఆ రోజు నుంచి మావగారు ముందు వంగి మట్టి తీస్తారు, కాండం తుడుస్తారు, చేతిలో కత్తి ఉంచుకుని అక్కడే కాసేపు ఆగుతారు, ముందుకు జరుగుతారు. మొక్క మీద గాటు ఉండదు. నేను కోసి, నేనే కడతాను. మామూర్ అన్న దూరం నుంచి చూస్తే ఎప్పటి ఉస్తానే, ఎప్పటి కోడలే.

ఇద్దరి పని ఒక్కదాన్నే చెయ్యాలి కదా, నడుము విరిగిపోయేది. ఒకరోజు సాలు మధ్యలో ధైర్యం చేశాను.

"మావయ్యా, అత్తయ్యతో ఒక మాట చెబుదామా?"

ఆయన మట్టి తీస్తూనే ఉన్నారు. "చెబుతా తల్లీ. అంట్ల పని కానీ. నేనే చెబుతా."

"అంట్లయ్యాక నన్ను పంపించేస్తున్నారు మావయ్యా."

"చెబుతానన్నా కదా," అన్నారాయన. ఆ గొంతు నన్ను బతిమాలుతున్నట్టుంది. మావగారి చేత బతిమాలించుకున్న కోడలు ఏమనాలి? తల దించుకుని పట్టీ బిగించాను. ఆ పాపం కూడా నాకే అంటుకున్నట్టనిపించింది.

ఆగస్టు చివరికి అంట్లయ్యాయి. ఆయన చెప్పలేదు. సెప్టెంబరులో అత్తగారు మళ్లీ సాళ్లలో నడిచారు. ఈసారి తొడిమలు ఆవిడ వేలు తగలకముందే రాలుతున్నాయి. ఆవిడ ముఖం విప్పారింది.

"చూశారా, మా ఉస్తా చెయ్యి ఉస్తా చెయ్యే!" అన్నారు మామూర్ అన్నతో. నా వైపు తిరిగి, "నువ్వూ ఈసారి దేవుణ్ని తలుచుకుని కట్టినట్టున్నావు. మంచిది. ఎల్లుండి ఇస్కందర్ దించి వస్తాడులే మీ అమ్మ దగ్గర. సంచి సర్దుకో," అన్నారు.

మావగారు పక్కనే ఉన్నారు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని ఆకాశం చూశారు. నేను వెళ్లి సంచి సర్దుకున్నాను. సర్దుతూ, రేపటి విందులో అందరి ముందూ నేనే చెప్పేస్తానని ఒట్టు పెట్టుకున్నాను. నన్ను బలిపెట్టి తన పేరు నిలబెట్టుకుంటున్న మనిషి మీద జాలేమిటని నాకు నేనే నచ్చచెప్పుకున్నాను. ఆ ముఖం ఎలా మారుతుందో ఊహించుకున్నాను కూడా.

అంట్ల పని అయి, పట్టాయని తేలినప్పుడు మా ఇంట పెద్ద కడాయి పొయ్యి ఎక్కుతుంది. మల్బరీ చెట్టు కింద భోజనాల గుడ్డ, దస్తర్‌ఖాన్ పరిచాం. షిమ్‌కెంట్ నుంచి టోకు బేరగాడు వచ్చాడు. పొద్దున్నే సాళ్లు చూసుకుని మురిసిపోయి ఉన్నాడు. మాంసం, క్యారెట్లు వేసిన పులావు పెద్ద పళ్లెంలో మధ్యలో పెట్టారు. ఒక వైపు మగవాళ్లు, ఒక వైపు ఆడవాళ్లు కూర్చున్నారు. నేను నిలబడి టీ పోస్తున్నాను. చెప్పాల్సిన మాట నాలుక చివర ఉంది.

"ఉస్తా, ఆ చెయ్యి చల్లగా ఉండాలి," అన్నాడు బేరగాడు టీ గిన్నె ఎత్తి. "మా ఊళ్లో నీ మొక్క అంటే కళ్లు మూసుకుని కొంటారు."

మావగారు నవ్వలేదు. "కోడలా, ఇలా వచ్చి కూర్చో," అన్నారు.

అందరూ చూశారు. మగవాళ్ల వైపు, అందులోనూ బయటి మనిషి ముందు కోడలు కూర్చోవడమేమిటి? టీ కూజా పక్కన పెట్టి మోకాళ్ల మీద కూర్చున్నాను. మా వైపు పెద్దవాళ్లు ఎవరినైనా గౌరవించాలనుకుంటే పులావు ముద్ద చేసి తమ చేత్తో నోట్లో పెడతారు. మగవాళ్లు మగవాళ్లకు పెట్టుకుంటారు. మావగారు చొక్కా చెయ్యి పైకి మడిచి, పళ్లెంలోంచి మంచి ముక్క ఏరి, ముద్ద చేసి, ఆ చెయ్యి నా నోటి వైపు చాచారు.

చెయ్యి వణికింది. మణికట్టును రెండో చెయ్యి పట్టుకోలేదు. దస్తర్‌ఖాన్ మీదుగా వస్తున్నంతసేపూ మెతుకులు రాలాయి, బేరగాడి మోకాలి మీద, రొట్టె మీద, నా ఒడిలో. నవ్వడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండే హోసియత్ కూడా నవ్వలేదు.

"నోరు తెరువు తల్లీ," అన్నారాయన. తర్వాత బేరగాడి వైపు చూశారు. "జూలైలో పోయినవి నేను కోసినవి. నువ్వు పొద్దున చూసినవన్నీ ఈ పిల్ల కోసి కట్టినవి. ఇక నుంచి కళ్లు మూసుకుని కొనొద్దు. చూసి కొను."

నోరు తెరిచాను. అందింది గుప్పెడు మెతుకులు కూడా కాదు. నేను చెయ్యాలనుకున్న పని ఆయనే చేశారు. నేను ఊహించుకున్న ముఖం ఇది కాదు. ఈ ముఖం చూడలేకపోయాను.

బేరగాడు మోకాలి మీది మెతుకులు ఏరి, కింద పడేయకుండా నోట్లో వేసుకున్నాడు. అత్తగారు లేచి ఇటు వైపు వచ్చారు. మావగారి చేతిని తువ్వాలుతో తుడిచి, తన ఒడిలోకి తీసుకుని, రెండు చేతులతో కప్పారు. ఆవిడ ముఖంలో ఆశ్చర్యమన్నది లేదు. అప్పుడు నాకు అర్థమైంది. పొద్దున్నే ఆయన చొక్కా బొత్తాలు పెట్టేది ఎవరు? ఆవిడకు వసంతం నుంచీ తెలుసు.

సాయంత్రం అందరూ వెళ్లాక కాలువ దగ్గర కడాయి తోముతుంటే ఆవిడ వచ్చి పక్కన కూర్చున్నారు. తనూ ఓ పళ్లెం తీసుకుని తోమడం మొదలెట్టారు.

"సంచి విప్పెయ్యి," అన్నారు.

"సరే అత్తయ్యా."

"తిట్టవేమే నన్ను? తెలిసి తెలిసి నీ మీద పెట్టాను. హోసియత్ పేరెత్తిందీ అందుకే, ఆయన వద్దంటారని తెలిసే. ఆయన చేతిలోంచి కత్తి పోతే మనిషే పోతాడనుకున్నాను. నువ్వు చిన్నదానివి, తట్టుకుంటావనుకున్నాను."

తిట్టాలనే ఉంది. మార్చి నుంచి దాచుకున్న మాటలు బోలెడున్నాయి. గుప్పెడు ఇసుక తీసి కడాయిలో చల్లాను.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నారావిడ.

"పాత కట్లు విప్పినప్పుడు."

"ఏమనిపించింది?"

కడాయి అడుగున మాడిన మెతుకుల్ని గీరాను. ఆవిడ నా వైపే చూస్తున్నారు.

"బాధేసిందత్తయ్యా," అన్నాను. "మావయ్యను చూసి చాలా బాధేసింది."

అత్తగారు చేతిలో పళ్లెం వదిలేసి, తడి చేతులతోనే నన్ను దగ్గరికి లాక్కుని ఏడ్చారు. బంగారుతల్లివే, బంగారుతల్లివే అని వీపు నిమిరారు. నేనూ ఏడ్చాను. నా ఏడుపు దేనికో, ఆ రోజు సాలులో చెయ్యి నోటికి ఎందుకు అడ్డం పెట్టుకున్నానో ఆవిడకు చెప్పలేదు.